కూటికొరకు కాలిబంతి

పాఠ్యభాగ పరిచయం

'కోటి విద్యలు కూటికొరకే' అని పెద్దలన్నారు. సంగీతం, చిత్రలేఖనం, వైద్యం, వకీలు పని ఇవన్నీ మనిషికి తిండి పెట్టే విద్యలే. ఆట కూడా ఆ వరుసలో చేరవచ్చునని లోకం అంగీకరించడానికి చాలాకాలం పట్టింది. ఆటనే జీవనాధారం చేసుకొన్నవానిని వృత్తి క్రీడాకారుడని, వేరే ఉపాధి ఉండి సరదాకోసం ఆడేవానిని ఔత్సాహిక క్రీడాకారుడని అంటారు. ఈ రెండింటి నడుమ హైదరాబాదు ఫుట్‌బాల్ ఎట్లా నలిగిందో, అదే సమస్యను జపాన్ దేశం ఎట్లా పరిష్కరించుకొన్నదో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

1970 డిసెంబరులో బ్యాంకాక్ నగరంలో ఆసియా క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్ కాంస్యపతకం కోసం భారత, జపాన్ జట్లు తలపడ్డాయి. భారతజట్టు 1-0 తేడాతో గెలిచింది. ఆ జట్టుకు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్. ముందువరుసలో ఆడిన వారిలో మహమ్మద్ హబీబ్ ఒకడు. ఇద్దరూ హైదరాబాదు వారే. ఓడిన జపాన్ సామాన్యమైన జట్టేమీ కాదు. రెండేళ్ల క్రితమే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో, ఆతిథ్యమిచ్చిన మెక్సికోను ఓడించి కాంస్యపతకం తెచ్చుకొన్న దేశమది.

ఆసియా క్రీడలలో జపాన్‌ను భారతదేశం ఓడించడం అది మొదటిసారి కూడా కాదు. 1951లో ఢిల్లీలో 3-0తోను, 1962లో జకార్తాలో 2-0తోను గెలిచింది. ఆ రెండుసార్లూ భారతజట్టు స్వర్ణపతకంతోనే క్రీడలను ముగించింది. తరువాతి కథ తలకిందులైంది. 1998లో జపాన్ మొదటిసారి ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. అప్పటినుండి ఒక్కసారీ ఆ పోటీలకు దూరం కాలేదు. 2022లో ఖతర్‌లో జర్మనీని, స్పెయిన్‌ను ఓడించింది. భారతదేశం నేటివరకు ప్రపంచకప్‌లో ఒక్క ఆటైనా ఆడలేదు.

ఈ వ్యత్యాసానికి కారణాలు చాలామంది చాలా చెప్పారు. శరీరదారుఢ్యం అన్నారు, తిండి అన్నారు, క్రికెట్ మోజు అన్నారు. వీటిలో కొంత నిజం లేకపోలేదు. అయితే బ్యాంకాక్‌లో ఎదురుబొదురుగా నిలిచిన ఆ ఇరవైరెండుమంది బతుకుతెరువును గమనిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఇటువారు పోలీసు, రైల్వే, సైన్యం వంటి ప్రభుత్వ శాఖలలోనో, పెద్ద సంస్థలలోనో, కలకత్తా క్లబ్బులలోనో ఉన్నవారు. అటువారు ఉక్కు, విద్యుత్తు, మోటారు కర్మాగారాల ఉద్యోగులు. ఆటగాళ్లను పోషించే ఏర్పాటు ఇక్కడా అక్కడా దాదాపు ఒకటే. ఆ ఏర్పాటుకు కాలం చెల్లినప్పుడు ఒక దేశం దానిని మార్చుకొన్నది. మరొక దేశం ఆ ఏర్పాటుతోపాటు ఆటనూ చేజార్చుకొన్నది. హైదరాబాదు చరిత్రలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

హైదరాబాదు ప్రాంతానికి ఫుట్‌బాల్‌ను తెచ్చినవారు ఆంగ్ల సైనికులు. సికింద్రాబాదు, తిరుమలగిరి, బొల్లారం దండు ప్రాంతాలలో పటాలాలు సాయంకాలం ఆడుతుంటే చుట్టుపక్కల బస్తీల పిల్లలు గట్టుమీద నిలబడి చూసేవారు. చూసినది ఖాళీస్థలాలలో ఆడేవారు. ఈ ఆటకు పెద్ద సరంజామా అక్కరలేదు. ఒక్క బంతి ఉంటే ఇరవైమందికి ఆట. బూట్లు లేకున్నా సాగుతుంది. పేదవాడల పిల్లలకు ఇంతకంటే అనువైన ఆట మరొకటి దొరకదు. 1939లో హైదరాబాదు నగర పోలీసు జట్టు ఏర్పడింది. బస్తీలలో పుట్టిన నైపుణ్యానికి అదే మొదటి నీడపట్టు అయింది.

నీడపట్టు అనడంలో అతిశయోక్తి లేదు. ఆ రోజుల్లో ఆటకు జీతం పుచ్చుకోవడం తప్పుగా భావింపబడేది. ఒలింపిక్ నియమావళి వృత్తి క్రీడాకారులను గడప తొక్కనిచ్చేది కాదు. మరి పేదయింటి కుర్రవాడు రోజుకు నాలుగు గంటలు బంతితో గడిపితే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది? దీనికి మనదేశం కనిపెట్టిన ఉపాయం ఉద్యోగం. బాగా ఆడేవానిని కానిస్టేబుల్‌గా చేర్చుకొంటారు. నెలజీతం వస్తుంది. ఉదయం, సాయంత్రం అభ్యాసానికి వెసులుబాటు ఉంటుంది. ఆట మానిన తరువాత కూడా ఉద్యోగం నిలిచి ఉంటుంది, చివరకు పింఛను వస్తుంది. కాగితం మీద అతడు పోలీసు, మైదానంలో ఆటగాడు. ఈ ఏర్పాటును కపటమని కొందరు ఆక్షేపించారు. కాని కానిస్టేబుల్ ఉద్యోగం లేకపోతే హైదరాబాదు ఫుట్‌బాలే లేదు.

ఈ జట్టుకు వెన్నెముకగా నిలిచినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించాడు. వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో పనిచేశాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950 నుండి నగర పోలీసు జట్టుకు, భారతజట్టుకు కూడా శిక్షకుడుగా వ్యవహరించి, కన్నుమూసేవరకు ఆ బాధ్యతలు మోశాడు. ఆటగాళ్లు ఆయనను 'రహీం సాబ్' అని పిలిచేవారు.

రహీం బోధనలో బడిపంతులు లక్షణం ప్రతి అడుగులోను కనిపిస్తుంది. మన ఆటగాళ్లకు బంతిని కాళ్లమధ్య ఆడిస్తూ ఒక్కరే ముందుకు పరుగెత్తడం ఇష్టం. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేది కూడా దానికే. ఆ అలవాటును తిట్టి మాన్పించలేమని రహీం గ్రహించాడు. అందుకని డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు ఏర్పాటు చేశాడు. ఆ పోటీలలో బంతి అందినవాడు దానిని వెంటనే మరొకరికి పంపవలసిందే. అట్లాగే కుడికాలి వాటం గలవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం గలవారు కుడికాలితోను ఆడవలసిన పోటీలు పెట్టాడు. నియమమే గురువై పని నేర్పింది. పిల్లవానికి ఎక్కం అప్పజెప్పించే ఓర్పుతో ఆయన కండలు తిరిగిన పోలీసుల చేత పాస్‌లు అప్పజెప్పించాడని చెప్పవచ్చు.

ఫలితం వెంటనే కనిపించింది. 1950లో డ్యూరాండ్ కప్ తుదిపోటీలో కలకత్తా మోహన్ బగాన్ వంటి మహాజట్టును హైదరాబాదు పోలీసులు ఓడించారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు గెలుచుకొన్నారు. 1954లో డ్యూరాండ్, రోవర్స్ రెండూ వారివే. అప్పటికి కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని. హైదరాబాదు పొరుగు రాష్ట్రపు నగరం. రెండూ 1956లో ఒకటైన తరువాత ఆ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా పేరు మార్చుకొని, 1961లో మళ్లీ డ్యూరాండ్ కప్ గెలిచింది. రాష్ట్రాలమధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో 1956-57, 1957-58 సంవత్సరాలలో హైదరాబాదు, 1965-66లో ఆంధ్రప్రదేశ్ విజేతలుగా నిలిచాయి.

దేశపు జట్టుకు ఈ నగరం చేసిన దానం ఇంకా పెద్దది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన బృందంలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, అబ్దుస్ సలాం, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ ఈ నేలవారే. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జన్మస్థలం కూడా హైదరాబాదే. నాలుగేళ్ల క్రితం హెల్సింకీలో ఇదే దేశపు జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. చలిదేశపు తడినేలపై వట్టికాళ్లతో ఆడినవారు ఆ జట్టులో చాలామందే ఉన్నారు. ఆ పరాభవం తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. మెల్‌బోర్న్‌లో భారతజట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే. యుగోస్లావియా చేతిలో 4-1తో, కాంస్యపతకపు ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగవస్థానంలో నిలిచింది.

ఆరేళ్ల తరువాత జకార్తాలో రహీం శిక్షణలోని జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా స్వర్ణం గెలుచుకొన్నది. నిండిన స్టేడియం ఆనాడు భారతజట్టుకు ప్రతికూలంగా హోరెత్తింది. తలకు తగిలిన గాయానికి కుట్లు వేయించుకొన్న జర్నైల్ సింగ్ ముందువరుసలో నిలిచి ఒక గోలు చేశాడు. మరొకటి పి.కె. బెనర్జీ చేశాడు. మైదానం గట్టున నిలిచిన శిక్షకుణ్ణి అప్పటికే క్యాన్సర్ పట్టి పీడిస్తున్నది. 1963 జూన్ 11న రహీం మరణించాడు. ఆయనకు అప్పటికి 53 ఏళ్లు.

రహీం మరణంతోనే హైదరాబాదు ఫుట్‌బాల్ మరణించిందని అనడం పరిపాటి అయింది. ఇది సగం నిజం. ఆయన బతికి ఉన్న రోజుల్లోనే ఈ నగరపు ఆటగాళ్లు రైలెక్కి కలకత్తా పోవడం మొదలయింది. బలరామ్ కథ ఇందుకు ఉదాహరణ. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. హైదరాబాదు లీగులో ఆడుతుండగా రహీం కంట్లో పడ్డాడు. ఇరవై ఏళ్లకే ఒలింపిక్స్ చూశాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పిలిస్తే వెళ్లిపోయాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగెరీపైన, పెరూపైన గోల్స్ చేశాడు. ఊపిరితిత్తుల వ్యాధి కారణంగా 1963లో, ఇంకా ఎంతో ఆట మిగిలి ఉండగానే, విరమించవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లోనే కన్నుమూశాడు.

కలకత్తా ఏమి ఇచ్చింది? అభిమానం ఇచ్చింది, డబ్బూ ఇచ్చింది. అక్కడి క్లబ్బులు శాఖలకో కచేరీలకో చెందినవి కావు. సభ్యుల చందాలతో, అభిమానుల ఆదరణతో పెరిగినవి. వారి ఆటకు టిక్కెట్టు కొనే జనం లక్షల్లో ఉన్నారు. పోలీసు జట్టు ఎంత గొప్పదైనా శాఖ ఇచ్చే జీతానికి హద్దు ఉంది. మంచి ఆటగాడికి, మామూలు కానిస్టేబుల్‌కు జీతంలో పెద్ద తేడా చూపే వీలు దానికి లేదు. జట్టు ఓడినా గెలిచినా శాఖకు లాభనష్టాలు లేవు. ఆటను ప్రేమించే అధికారి ఉన్నంతకాలం నడుస్తుంది, ఆయన బదిలీ అయితే మందగిస్తుంది.

హబీబ్ ఈ చిక్కుముడిని తనదైన పద్ధతిలో తెంచుకొన్నాడు. 1949లో హైదరాబాదులో పుట్టి 1966లో ఈస్ట్ బెంగాల్ చేరాడు. తరువాత మోహన్ బగాన్‌కు, మహమ్మడన్ స్పోర్టింగ్‌కు కూడా ఆడాడు. కలకత్తా ఆటగాళ్లందరూ క్లబ్బు డబ్బుతోపాటు బ్యాంకులోనో, రైల్వేలోనో ఒక ఉద్యోగం పట్టుకొని ఉండే రోజులవి. హబీబ్ ఉద్యోగాలను వద్దన్నాడు. ఫుట్‌బాలే తన ఉద్యోగమన్నాడు. అందుకే భారతదేశపు మొదటి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడుగా ఆయనను పరిగణిస్తారు. బాగా ఆడితే డబ్బు, కాలు విరిగితే ఏమీ లేదు అన్న ఒప్పందానికి తలవంచి పదిహేనేళ్లకు పైగా ఆడాడు. 1977 సెప్టెంబరులో ప్రపంచ ప్రసిద్ధుడైన పెలే న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో ఆటను సమం చేసింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. కలకత్తాలో 'బడే మియా' అని పిలిపించుకొన్న ఆయన 2023 ఆగస్టు 15న హైదరాబాదులో మరణించాడు. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటి తరువాతితరం వారు కూడా ఇదే దారిని నడిచి పైకి వచ్చినవారు. పుట్టింది ఇక్కడ, పేరు తెచ్చుకొన్నది అక్కడ.

ఇట్లా ఆటగాళ్లను పండించే నేలగా హైదరాబాదు మిగిలింది. పంట ఎత్తుకుపోయేవారే తప్ప ఎరువు వేసేవారు లేకపోతే ఏ నేల అయినా ఎన్నాళ్లు పండుతుంది? ఖాళీ మైదానాలు ఇళ్ల స్థలాలయ్యాయి. శాఖలలో క్రీడాకారుల నియామకాలు పలచబడ్డాయి. 1983లో క్రికెట్ ప్రపంచకప్ గెలుపు తరువాత పిల్లల చేతికి బ్యాటు వచ్చింది. 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగు మొదలైనప్పుడు ఆడిన జట్లలో హైదరాబాదు పేరు లేదు.

ఇప్పుడు జపాన్ వైపు చూడాలి. ఆ దేశానికి ఫుట్‌బాల్ 1873లో టోక్యో నౌకాదళ పాఠశాలలో పాఠాలు చెప్పవచ్చిన ఆంగ్ల అధికారుల ద్వారా చేరింది. 1920ల్లో అక్కడ చదువుకొంటున్న చా డిన్ అనే బర్మా విద్యార్థి పొట్టి పాస్‌ల పద్ధతిని నేర్పాడు. పొరుగు ఆసియా దేశపు విద్యార్థి ఒకడు జపాన్‌కు ఆట పాఠం చెప్పాడన్నది గుర్తుంచుకోదగినది. 1960లో జర్మన్ శిక్షకుడు డెట్మార్ క్రామర్ వచ్చాడు. ఆయన సలహామేరకు 1965లో జపాన్ సాకర్ లీగు ఏర్పడింది. అందులోని జట్లకు ఊళ్ల పేర్లు లేవు, కంపెనీల పేర్లే ఉన్నాయి. మిత్సుబిషి, ఫురుకావా విద్యుత్ కంపెనీ, మోటార్లు చేసే తోయో కోగ్యో, డీజిల్ ఇంజన్లు చేసే యన్మార్ ఆ జట్లలో కొన్ని. మెక్సికో ఒలింపిక్స్‌లో ఏడు గోల్స్‌తో అందరికన్న ముందు నిలిచిన కునిషిగె కమమోతో యన్మార్ ఉద్యోగి. ఉదయం కచేరీ, సాయంత్రం మైదానం. మన పోలీసు జట్టుకు, దానికి తేడా టోపీలోనే ఉంది.

మెక్సికో పతకం తరువాత జపాన్‌లోనూ ఆట చల్లారింది. ప్రేక్షకులు పలచబడ్డారు. కంపెనీ జట్టు గెలిస్తే కంపెనీవారికి ఆనందం, వీధిలో పోయేవానికి ఏమి? ఈ ప్రశ్నను అక్కడివారు దాటవేయలేదు. 1977లో యసుహికో ఒకుదెర జర్మనీ వెళ్లి వృత్తి ఆటగాడయ్యాడు. 1986లో స్వదేశంలోనూ వృత్తి ఆటగాళ్లకు అధికారికంగా అనుమతి లభించింది. కలకత్తాలో హబీబ్ ఒంటరిగా చేసిన సాహసం అక్కడ తరువాతి కాలంలో నియమంగా మారింది.

తరువాత సబురో కవబుచి అనే వ్యక్తి పూనికతో జె-లీగ్ రూపుదిద్దుకొన్నది. ఆయన స్వయంగా ఫురుకావా ఉద్యోగి, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో అర్జెంటీనాపై గోలు చేసిన ఆటగాడు. కొత్త లీగులో చేరదలచిన జట్టుకు షరతులు కఠినంగా పెట్టారు. క్లబ్బు ప్రత్యేక సంస్థగా నమోదు కావాలి. దానికి ఒక సొంత ఊరు ఉండాలి. దీపాలతో కూడిన, కనీసం 15,000 మంది పట్టే మైదానం కావాలి. పిల్లల జట్లను పెంచాలి. అన్నిటికన్న ముఖ్యంగా, క్లబ్బు పేరులో ఊరి పేరు ఉండాలి గాని కంపెనీ పేరు ఉండరాదు. డబ్బు పెట్టేది మేమే, పేరు మాది ఎందుకు ఉండకూడదని ఒక పెద్ద పత్రికాసంస్థ గట్టిగా వాదించింది. కవబుచి లొంగలేదు. మిత్సుబిషి జట్టు ఉరవా రెడ్స్ అయింది. నిస్సాన్ జట్టు యొకొహామా మారినోస్ అయింది. హిరోషిమా మోటారు కంపెనీ జట్టు సాన్‌ఫ్రెచే హిరోషిమా అయింది. కంపెనీ ఉద్యోగులు ఊరి ఆటగాళ్లుగా మారారు. 1993 మే 15న పది క్లబ్బులతో లీగు ప్రారంభమైంది.

ఈ మార్పు శక్తిని తెలుసుకోవడానికి కషిమా పట్టణం చాలు. కడప జిల్లా తుమ్మలపల్లె పేరు యురేనియం గనివల్ల బయటి లోకానికి తెలిసినట్లే, సముద్రపు ఒడ్డున ఉన్న కషిమా పేరు ఉక్కు కర్మాగారం వల్లనే తెలుసు. అటువంటి చిన్న ఊరు పెద్ద క్లబ్బును మోయగలదని ఎవరూ నమ్మలేదు. ఊరివారు, కర్మాగారం, ప్రభుత్వం కలిసి మైదానం కట్టారు. బ్రెజిల్ మహా ఆటగాడు జికో 1991లోనే, ఆ జట్టు ఇంకా రెండవ శ్రేణిలో ఉండగానే, వచ్చి చేరాడు. లీగు తొలి ఆటలోనే మూడు గోల్స్ చేశాడు. కషిమా 5-0తో గెలిచింది. 2016 నాటికి ఆ క్లబ్బు ఎనిమిదిసార్లు లీగు విజేత అయింది. టోక్యో మహానగరపు క్లబ్బులు కూడా అన్నిసార్లు గెలవలేదు.

అక్కడా అంతా సవ్యంగా సాగలేదు. 1998లో యొకొహామా ఫ్లూగెల్స్ అనే క్లబ్బుకు డబ్బు పెట్టే సంస్థలు చేతులెత్తేశాయి. అదే ఊరి మరో క్లబ్బులో దానిని కలిపివేశారు. రద్దు కాబోయే ఆ జట్టు 1999 జనవరి 1న చక్రవర్తి కప్ గెలిచి తన చివరి ఆటను ముగించింది. అభిమానులు విలీనానికి ఒప్పుకోలేదు. చందాలు పోగుచేసి యొకొహామా ఎఫ్.సి. అనే సొంత క్లబ్బు పెట్టుకొన్నారు. కింది శ్రేణి నుండి మొదలుపెట్టి 2007లో ఆ క్లబ్బు మొదటి శ్రేణిలో ఆడింది.

భారతదేశంలో వృత్తి ఫుట్‌బాల్ వేరే దారిన వచ్చింది. 2007లో ఐ-లీగ్, 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలయ్యాయి. సూపర్ లీగ్ తొలి ఎనిమిది జట్లలో తెలుగునేలకు చోటు లేదు. తెలుగువారి డబ్బు మాత్రం ముందే చేరింది. 2016లో నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ కేరళ బ్లాస్టర్స్ క్లబ్బులో భాగస్వాములయ్యారు. హైదరాబాదు ఎఫ్.సి. 2019లో, మూతపడిన పుణె క్లబ్బు స్థానంలో వచ్చింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం దాని సొంత మైదానంగా ఉండేది. స్పెయిన్ శిక్షకుడు మనోలో మార్కెజ్ రెండేళ్లలో జట్టును నిలబెట్టాడు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన తుదిపోటీలో, తెలుగువారు భాగస్వాములైన ఆ కేరళ జట్టుతోనే ఆడి, 1-1తో సమమైన ఆటను పెనాల్టీలలో 3-1తో గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు పెనాల్టీలను ఆపాడు.

ఆ సంతోషం నిలవలేదు. ఏడాది తిరిగేసరికి జీతాల బకాయిలు పేరుకొన్నాయి. కొత్త ఆటగాళ్లను చేర్చుకోరాదని ప్రపంచ సంస్థ ఫిఫా నిషేధం విధించింది. పేరుగల ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2024లో యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకొన్నది. వేసవిలో ఊరికి ట్యాంకరు వస్తే బిందెలు నిండుతాయి. ట్యాంకరు మరో ఊరికి మళ్లితే అడిగే హక్కు ఊరికి ఉండదు. కషిమావారిది చెరువు. తవ్వడానికి ఏళ్లు పట్టింది, గట్టు తెగితే మట్టి వేయడానికి ఊరంతా కదిలింది. హైదరాబాదు ఎఫ్.సి. ఆటగాళ్ల నైపుణ్యంలో లోపం లేదు. శిక్షకునిలోనూ లోపం లేదు. ఆ క్లబ్బు ఊరిలో నాటుకోవడానికి కావలసిన కాలం, పిల్లల జట్లు, ఊరివారి వాటా సమకూరకముందే డబ్బు అయిపోయింది.

పోలీసు జట్టుతో పోల్చి చూస్తే మరొక విషయం తోస్తుంది. ఆనాటి కానిస్టేబుల్‌కు జీతం తక్కువే అయినా ఒకటో తేదీన చేతికి వచ్చేది. వృత్తి క్రీడాకారునికి లక్షల ఒప్పందం ఉంటుంది, ఆ లక్షలు చేతికి వచ్చే నమ్మకం మాత్రం క్లబ్బు పెట్టెను బట్టి ఉంటుంది. ఆట వృత్తి కావడమంటే జీతం పెరగడం ఒక్కటే కాదన్న సంగతి, ఒప్పందాలు, ఆదాయం, బీమా, గాయపడిన తరువాతి జీవితం అన్నీ అందులో చేరతాయన్న సంగతి మన దేశం ఇంకా నేర్చుకొంటున్నది.

అయినా విత్తనాలు అక్కడక్కడ పడుతున్నాయి. విశాఖపట్నంలో పుట్టి హైదరాబాదుకు చేరిన శ్రీనిధి డెక్కన్ క్లబ్బు 2021-22 నుండి ఐ-లీగ్‌లో ఆడి, 2022-23, 2023-24 సంవత్సరాలలో వరుసగా ద్వితీయస్థానం పొందింది. మొయినాబాదు దగ్గర దానికి సొంత మైదానం ఉంది. రాయలసీమలో, అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు క్రీడాగ్రామం నిర్మించి పల్లెల బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నది. వానలేని నేలలో పచ్చగడ్డి మైదానం నిలపడమే ఒక సేద్యం.

బాలికల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రహీం కాలంలో వారికి మైదానంలో చోటే లేదు. నిజామాబాదు జిల్లాలోని ఒక తండాకు చెందిన గుగులోతు సౌమ్య పరుగుపందాల నుండి ఫుట్‌బాల్ వైపు వచ్చింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుతో ఒప్పందం చేసుకొని, ఐరోపాలో వృత్తి ఫుట్‌బాల్ ఆడిన కొద్దిమంది భారతీయ వనితలలో ఒకరయింది. తరువాత కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టులో చేరింది. 1957లో బలరామ్ వెళ్లిన క్లబ్బు అదే. 2024-25 సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది.

అభ్యాసం

అ. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. నియమమే గురువై పని నేర్పింది.
2. పుట్టింది ఇక్కడ, పేరు తెచ్చుకొన్నది అక్కడ.

ఆ. వ్యాసరూప సమాధానం రాయండి.
హైదరాబాదు పోలీసు జట్టు, జపాన్ కంపెనీ జట్ల మధ్య పోలికలను, తరువాతి కాలంలో వాటి గతులలో వచ్చిన భేదాన్ని వివరించండి.

ఇ. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. రహీం శిక్షణ పద్ధతిలోని విశేషాలేవి?
2. హబీబ్‌ను మొదటి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడని ఎందుకు అంటారు?
3. జె-లీగ్ క్లబ్బులకు విధించిన షరతులేవి? వాటిలో వివాదానికి దారితీసినది ఏది?
4. మీ ఊరిలో ఒక క్రీడాక్లబ్బు నెలకొల్పదలిస్తే దానికి డబ్బు, మైదానం, పిల్లల శిక్షణ ఎట్లా సమకూర్చుతారు?